భీమవరం జీతం, హైదరాబాద్ జీతం: పక్కపక్కన పెట్టి లెక్క కట్టేదెలా

పోయిన సంక్రాంతికి, కనుమ నాడు, మా తమ్ముడి కొడుకు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండానే ఫోను నా చేతిలో పెట్టాడు. "అత్తా, చూడు. ఏడాదికి తొమ్మిది లక్షల అరవై వేలు. అంటే నెలకి ఎనభై. ఇక్కడ నాకొచ్చేది ముప్ఫై ఆరు. ఇంకా ఆలోచించడానికేముంది?" అన్నాడు. వాడు భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో ఎకౌంట్స్ చూస్తున్నాడు. పెళ్లయింది, నాలుగేళ్ల బాబున్నాడు. హైదరాబాద్ మాదాపూర్‌లో ఉన్న ఒక ఆఫీసు నుంచి వాడికి ఆఫర్ లెటరొచ్చింది.

ఆలోచించడానికి చాలా ఉందని నాకు తెలుసు. 2011లో మేమూ ఇలాగే వెళ్లాం. మా ఆయన జీతం 14 వేల నుంచి 26 వేలయింది. మేము కనుక్కున్నది ఇంటద్దె ఒక్కటే. ఇక్కడ 2,500, కూకట్‌పల్లి వైపు 6,500. తేడా నాలుగు వేలు, పెరిగింది పన్నెండు వేలు, ఎనిమిది వేలు మిగులుతుందనుకుని సామాను లారీకెక్కించాం. పద్నాలుగో నెలలో నా గాజులు నాలుగూ బ్యాంకులో తాకట్టుకెళ్లాయి. ఎవరూ మమ్మల్ని మోసం చెయ్యలేదు, మేమూ దుబారా చెయ్యలేదు. లెక్క సగమే కట్టాం, అంతే. 2016లో తిరిగొచ్చేశాం. అప్పట్నుంచి పాలకొల్లు దగ్గర ఒక రైస్ మిల్లులో పద్దులు రాస్తున్నాను. మా ఇంటి పద్దు మాత్రం పెళ్లయిన నాటి నుంచీ ఒక్క నెల కూడా మానలేదు.

ఆ రోజు మావాడితో కూర్చుని మూడు గంటలు కట్టిన లెక్కే ఇది. అంకెలు వాడివి, మీ అంకెలు వేరే ఉంటాయి. పద్ధతి మాత్రం అమలాపురం నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లకీ, కాకినాడ నుంచి చెన్నై వెళ్లేవాళ్లకీ, వెనక్కి వద్దామనుకునేవాళ్లకీ పనికొస్తుంది.

ముందు జీతాన్ని చేతికి తెచ్చుకోండి

సీటీసీ అని రాసిన అంకె జీతం కాదు. మీ కోసం కంపెనీ ఏడాదికి పెట్టే ఖర్చు మొత్తం అది. అందులో మీ బ్యాంకు ఖాతాలో ఒకటో తారీఖున పడేదెంతో తేలేదాకా రెండో అడుగు వెయ్యొద్దు.

మావాడి లెటర్లో 9,60,000. రెండో పేజీ తిప్పితే అసలు సంగతి కనిపించింది. అందులో 96,000 పనితీరుని బట్టి ఏడాది చివర ఇచ్చేది. మొత్తం ఇవ్వచ్చు, సగమివ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. కంపెనీ వాటా పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ కింద 20,200, ఇది పర్మినెంటు ఉద్యోగికి ఐదేళ్లు నిండితేగాని చేతికి రాదు. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 12,000. ఇవన్నీ తీసేస్తే 8,10,200. పన్నెండుతో భాగిస్తే 67,500. అందులోంచి వాడి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 65,500. ఎనభై కాదు.

పీఎఫ్ దగ్గర ఒక మాట. 15,000 మీద 12 శాతం చొప్పున 1,800 పట్టే కంపెనీలున్నాయి, పూర్తి బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) మీద పట్టేవీ ఉన్నాయి. మావాడి బేసిక్ 35,000. దాని మీద పడితే 4,200 పోతుంది. ఆ డబ్బు మీదే, ఎక్కడికీ పోదు, కానీ ఇంటద్దె కట్టడానికి పనికిరాదు. ఏ లెక్కన పడతారో హెచ్ఆర్ వాళ్లని మెయిల్లో అడిగి జవాబు రాయించుకోండి.

ఆదాయపు పన్ను మావాడి విషయంలో అడ్డు రాలేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటుంది. జీతగాళ్లకి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా కలిపితే 12,75,000 జీతం దాకా పన్ను పడదు. వృత్తి పన్ను కూడా ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఒకటే, జీతం 20 వేలు దాటితే నెలకి 200.

తర్వాత మీ ఇంటి పద్దు తీయండి

ఇక్కడే చాలామంది తొందరపడతారు. అక్కడి ధరలు కనుక్కోవడానికి పరిగెడతారు గానీ, ఇక్కడ తమ ఇంట్లో నెలకెంత ఖర్చవుతోందో వాళ్లకే తెలియదు. మావాడిని అడిగితే "ఇరవై రెండు, ఇరవై మూడు వేలవుతుంది" అన్నాడు. ఫోన్‌పే చరిత్ర, బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని, నగదుగా ఇచ్చినవి కోడలు పిల్ల గుర్తు చేస్తుంటే రాసుకుంటూ పోయాం. 32,950 తేలింది.

ఒక్క నెల చూస్తే నిజం తెలియదు. పన్నెండు నెలలూ చూడాలి. మన వైపు జూన్‌లో స్కూలు ఫీజు, శ్రావణంలోనూ మాఘంలోనూ పెళ్లిళ్లూ చదివింపులూ, సంక్రాంతికి బట్టలూ చుట్టాలూ. బండి ఇన్సూరెన్సు ఏడాదికొకసారి. ఇవన్నీ కలిపి పన్నెండుతో భాగించి నెల పద్దులో వెయ్యండి. లేకపోతే తొమ్మిది నెలలు మిగిలినట్టుంటుంది, మూడు నెలలు అప్పు చేస్తారు, ఎందుకు చేశారో తెలియదు.

పద్దు తేలాక దాన్ని రెండుగా చీల్చండి. నేను చెప్పేదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఒక పక్క ఊరు మారితే మారేవి: అద్దె, కరెంటు, నీళ్లు, తిండి, స్కూలు, తిరుగుడు, డాక్టరు. ఇంకో పక్క ఊరు మారినా మారనివి: లోను కిస్తీ, ఫోను రీఛార్జి, అమ్మానాన్నలకి పంపే మందుల డబ్బు, ఆన్‌లైన్లో కొనే వస్తువులు, చదివింపులు. నర్సాపురంలో కొన్నా హైదరాబాద్ నిజాంపేటలో కొన్నా అదే ఫోను, అదే ధర. మావాడికి మారనివి 7,700 తేలాయి: కిస్తీ 3,200, ఫోన్లూ ఇంటర్నెట్టూ 1,000, నాన్నకి మందులు 1,500, పండగలూ చదివింపులూ 2,000. వీటిని అలా పక్కన పెట్టెయ్యండి. పోల్చాల్సింది మిగతా 25,250 ఒక్కటే.

అదే వస్తువుని అదే వస్తువుతో పోల్చండి

ధరలు కనుక్కోవడానికి ఇంటర్నెట్లో రెండు ఊళ్ల పేర్లు కొడితే "ఈ ఊరు ఇన్ని శాతం ఖరీదు" అని చెప్పే సైట్లున్నాయి. అక్కడ ఉండే ధరలు చాలావరకు జనం ఎక్కించినవే. హైదరాబాద్‌కి ఎక్కించేవాళ్లు వందల్లో ఉంటారు. భీమవరానికి, తణుకుకి ఎవరెక్కిస్తారు? ఎక్కించినా వాళ్లు మీలా బతికేవాళ్లు కాకపోవచ్చు. ఆ శాతాన్ని పట్టుకుని ఉద్యోగం మారొద్దు.

బియ్యం నా పని కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. హైదరాబాద్‌లో బస్తా ధర, ఇక్కడ బస్తా ధర అని రెండంకెలు పక్కపక్కన రాసేస్తారు. మొదటిది, బస్తా అంటే ఎంత? 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉండే లేబుల్ ప్యాకింగు బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాంతో మిల్లులు 26 కిలోల సంచులు కుట్టడం మొదలెట్టాయి. కాబట్టి ఒక చోట సంచి 25, ఇంకో చోట 26 ఉండొచ్చు. కిలో ధరకి మార్చుకోండి. రెండోది, ఏ రకం? మన డెల్టాలో ఎక్కువ పండేది స్వర్ణ, మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన ఎంటీయూ 7029. పట్నంలో అడిగేది సన్న బియ్యం, బాపట్ల వాళ్ల బీపీటీ 5204 లాంటివి. స్వర్ణ ధరని సన్నాల ధరతో పోల్చి "అక్కడ బియ్యం ఎంత ఖరీదో" అనుకుంటే లెక్క తప్పినట్టే. మూడోది, కొత్తవా పాతవా? సార్వా పంట కోసి నెల తిరక్కుండా ఆడించిన బియ్యం మెత్తబడిపోతాయి. ఏడాది నిలవున్నవి బాగా ఒదుగుతాయి, అదే గిన్నెలో ఇంకొకరికి అన్నం వస్తుంది. ధరా అంతకు తగ్గట్టే ఉంటుంది. షాపులో గుప్పెడు చేతిలోకి తీసుకుని చూడండి. కొత్త బియ్యం తెల్లగా, కాస్త తడిగా తగులుతాయి. పాతవి పసుపు ఛాయలో పొడిపొడిగా వేళ్ల మధ్య నుంచి జారిపోతాయి. రెండూళ్లలోనూ ఒకే రకం, ఒకే వయసు, కిలో చొప్పున. అప్పుడే అది పోలిక.

చేపలూ రొయ్యలూ అంతే. మన సంతలో రొయ్య తలతో సహా తూస్తారు. యాభై కౌంట్ అంటే కిలోకి యాభై. తల తీసి ఒలిచి కడిగితే కూరకొచ్చేది సగానికి కాస్త పైన. పట్నంలో చాలా షాపుల్లో ఒలిచి శుభ్రం చేసినవి అమ్ముతారు. బోర్డు మీద ధర చూసి గుండె గుభేలుమంటుంది గానీ, గిన్నెలోకి వచ్చే కిలోకి లెక్క కడితే తేడా తగ్గిపోతుంది. శీలావతి, బొచ్చె అయితే కైకలూరు, ఆకివీడు నుంచి లారీల్లో ఐసు పెట్టి ఎక్కడెక్కడికో వెళ్తాయి. హైదరాబాద్‌లో దొరికేవీ ఎక్కువగా మనవే. తేడా రవాణా, ఐసు, మధ్యవాళ్ల లాభం. అరటిపళ్లు మనం రావులపాలెం అత్తాన్ని చూసి కొంటాం, అక్కడ డజను లెక్క. కొబ్బరికాయ అంబాజీపేటలో వెయ్యి కాయల లెక్కన బేరమాడే సరుకు. మనింటి పెరట్లో అయితే దానికి ధరే తెలియదు.

అన్నీ అక్కడే ఖరీదు అనుకోవడం కూడా పొరపాటే. టమాటా మనకి మదనపల్లె నుంచి రావాలి, ఉల్లిపాయ ఎక్కడి నుంచో రావాలి. హైదరాబాద్ రైతుబజారులో ఇవి చాలాసార్లు మనకంటే చౌక. పెట్రోలు లీటరు ధర కూడా తెలంగాణ కంటే ఆంధ్రాలోనే కాస్త ఎక్కువ.

తాగే నీళ్లు ఇక్కడ ఊరికే వస్తున్నాయని రాసేశాడు మావాడు. ఎక్కడొస్తున్నాయి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచి చుట్టూ కాలవ నీళ్లే ఉన్నా, భీమవరం చుట్టుపక్కల బోరు నీళ్లు ఉప్పన, కాలవ నీళ్లు నేరుగా తాగలేం. ఇరవై లీటర్ల టిన్ను కొంటూనే ఉన్నాడు. నెలకి 450 అవుతోంది. అలవాటైన ఖర్చు కంటికి కనిపించదు, అందుకే స్టేట్‌మెంటు ముందు పెట్టుకోమనేది.

ఇంటి నుంచి వచ్చేవాటికి ధర కట్టండి

మా తమ్ముడికి రెండెకరాలుంది. ఏడాదికి 360 కిలోల బియ్యం కొడుకింటికి వెళ్తాయి. మావాడి పద్దులో బియ్యం: సున్నా. నేనొప్పుకోలేదు. కిలో 52 చొప్పున నెలకి 1,560. అది నాన్న చేతి నుంచి కొడుక్కి వస్తున్న జీతం లాంటిది. హైదరాబాద్ వెళ్తే కొనుక్కోవాలి, 1,750 అవుతుంది. కానీ ఇక్కడ మా తమ్ముడు ఆ గింజలు అమ్ముకుంటాడు, ఆ డబ్బు ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి మీ ఒక్కరి లెక్కా, ఉమ్మడి ఇంటి లెక్కా వేరేగా రాసుకోండి. రెండూ కలిపేస్తే ఒకసారి లాభంగా, ఒకసారి నష్టంగా కనిపించి తల తిరుగుతుంది.

సొంతిల్లున్నవాళ్లు అద్దె దగ్గర సున్నా వేసుకుంటారు. ఆ ఇల్లు వదిలి వెళ్తే అద్దెకిస్తారా, తాళం వేస్తారా, అమ్మానాన్నలుంటారా? అద్దెకిచ్చేదైతే ఆ అద్దె మీ హైదరాబాద్ ఆదాయంలో కలపండి. లేకపోతే అక్కడి అద్దె మొత్తం కొత్త ఖర్చే. పట్నం జీతం చూసి మురిసిపోయిన సొంతింటివాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

అద్దెనీ దారినీ కలిపి చూడండి

మావాడు ఆఫీసుకి దగ్గరగా కొండాపూర్‌లో చూస్తే రెండు పడగ్గదుల ఇంటికి 30 వేలు చెప్పారు. నిజాంపేటలో 18,500. పదకొండున్నర వేలు మిగిలినట్టే అనిపిస్తుంది, కానీ నిజాంపేట నుంచి మాదాపూర్ రోజూ వెళ్లిరావాలి. మెట్రో ఉంది కదా అన్నాడు. మెట్రో మ్యాపు తీసి చూపించాను. జేఎన్‌టీయూ దగ్గర ఎక్కితే అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ రైలు మారి, మళ్లీ హైటెక్ సిటీకి వెనక్కి రావాలి. నేరుగా రోడ్డు మీద వెళ్లేవాడికి అది చుట్టు. చివరికి బండే. అందుకని అద్దె, మెయింటెనెన్స్, తిరుగుడు ఖర్చు మూడూ కలిపి ఒకే వరసలో పెట్టి ఇల్లు వెతకండి. మెయింటెనెన్స్ అద్దెలో కలిసుందో విడిగానో మొదటి ఫోన్‌లోనే అడగండి. నీళ్ల ట్యాంకర్ల డబ్బు దాంట్లోనేనా, వేసవిలో విడిగా పంచుతారా అని కూడా అడగండి. ఓనర్ని కాదు, లిఫ్టులో కనిపించిన కింది ఫ్లాటు ఆవిడని అడగండి.

ఈ కనుక్కోవడాలు ఫోన్లో పూర్తి కావు. రెండు రోజులు వెళ్లి రండి. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి మీరుండబోయే వీధి నుంచి ఆఫీసు దాకా ఒకసారి వెళ్లి చూడండి. కిరాణా కొట్లో మీ నెల చీటీ ఇచ్చి బిల్లు వేయించుకోండి. మా కోడలు పిల్ల అదే చేసింది, భీమవరంలో ఇచ్చే చీటీనే నిజాంపేటలో ఇచ్చింది.

రెండు పేజీలు పక్కపక్కన

వాళ్ల ఒక్కరి లెక్క ఇలా తేలింది, అందుకే ఇంటి బియ్యానికి ఇందులో ధర వెయ్యలేదు. మొదటిది భీమవరం, రెండోది నిజాంపేట.

అద్దె: 8,500, మెయింటెనెన్సుతో 20,500.
కరెంటు, గ్యాసు: 1,900, 2,300.
తాగే నీళ్లు: 450, 600.
బియ్యం: ఇంటివి, 1,750.
కిరాణా, కూరలు, పాలు, నీచు: 9,000, 12,200.
బాబు స్కూలు, ఆటో లేక వ్యాను: 2,800, 7,500.
తిరుగుడు: 1,800, 3,600.
డాక్టరు, మందులు: 800, 1,200.
ఇంటికి రానుపోను: లేదు; 1,750.

మొత్తం 25,250 ఒక పక్క, 51,400 ఇంకో పక్క. మారని 7,700 రెండిటికీ కలిపితే 32,950, 59,100. భీమవరంలో 36,000లో మిగిలేది 3,050. హైదరాబాద్‌లో 65,500లో మిగిలేది 6,400. జీతం తేడా ముప్ఫై వేలకి అర వెయ్యి తక్కువ, మిగులు తేడా 3,350.

ఇంటికి రానుపోను వరస మేము 2011లో రాయనే లేదు. ఏడాదికి మూడు సార్లు, ముగ్గురు మనుషులు. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. సంక్రాంతికి నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు తెరిచిన పొద్దునే అయిపోతాయి. దొరక్కపోతే ప్రైవేటు బస్సు, పండగ రేటు. అమ్మకి ఒంట్లో బాగోలేదని ఫోనొచ్చిన రోజు ఏ రేటైనా వెళ్తాం. ఏడాదికి 21,000 వేసుకున్నాం, అది పొదుపు లెక్కే.

శాతం లెక్క ఎక్కడ తప్పుతుంది

59,100ని 32,950తో భాగిస్తే 1.79. "హైదరాబాద్ 79 శాతం ఖరీదు, కాబట్టి నీ 36 వేలకి సమానమైన జీతం 64,500" అంటారు చాలామంది. ఇది తప్పు. ఖర్చయ్యేది మాత్రమే పెరుగుతుంది, మిగిలేది పెరగక్కర్లేదు. 3,050 మిగులు హైదరాబాద్‌లో దాచినా అదే 3,050, దాంతో పాలకొల్లులో బంగారం కొన్నా అదే గ్రాము. సరైన లెక్క: అక్కడి ఖర్చు 59,100 ప్లస్ ఇక్కడి మిగులు 3,050, మొత్తం 62,150. చేతికొచ్చేది దానికంటే తగ్గితే నష్టం, పెరిగితే లాభం.

మావాడి విషయంలో రెండు లెక్కలకీ తేడా రెండు మూడు వేలే. కానీ ఇదే ఖర్చుతో నెలకి లక్ష తెచ్చుకునే మనిషిని తీసుకోండి. శాతం లెక్క ప్రకారం వాళ్లకి లక్షా డెబ్భై తొమ్మిది వేలు కావాలి. నిజానికి 26,150 ఎక్కువొస్తే చాలు. ఎక్కువ దాచుకునేవాళ్లు శాతం నమ్మితే మంచి ఉద్యోగం వదులుకుంటారు. ఇంటి నుంచి బియ్యం, నీడ వస్తున్నవాళ్లు నమ్మితే మాలాగా గాజులు తాకట్టు పెడతారు.

ధరల సూచీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మిల్లులో ఒక కుర్రాడు దాన్నే పట్టుకొచ్చాడు. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని లేబర్ బ్యూరో 88 కేంద్రాలకి ఇస్తుంది, 2016ని 100గా తీసుకుని. హైదరాబాద్, గుంటూరు, విశాఖ ఉన్నాయి, మన గోదావరి ఊళ్లు లేవు. పైగా ఒక ఊరి సూచీ 140, ఇంకో ఊరిది 130 ఉంటే మొదటి ఊరు ఖరీదని కాదు అర్థం. ఆ ఊళ్లో 2016 నుంచి ధరలు ఎంత పెరిగాయో మాత్రమే అది చెబుతుంది. ఒకే ఊళ్లో రెండు కాలాలకి పనికొస్తుంది, రెండు ఊళ్లకి కాదు. ఒక సర్కారు అంకె మాత్రం కాస్త అక్కరకొస్తుంది. కేంద్ర ఉద్యోగులకి 2024 జనవరి నుంచి ఇంటద్దె భత్యం హైదరాబాద్ లాంటి పెద్ద నగరంలో బేసిక్ మీద 30 శాతం, మన ఊళ్లలో 10. ఒక్క ఇంటికే అంత తేడా ఒప్పుకుంటున్నారంటే, మీ కొత్త కంపెనీ ఎంతిస్తోందో చూసుకోవడానికి అదొక కొలబద్ద.

ఒక్కసారే పోయే డబ్బు

సామాను వ్యానుకి 18,000. బ్రోకరుకి ఒక నెల అద్దె 18,500. స్కూల్లో చేర్చడానికి 15,000. మొత్తం 51,500 తిరిగిరానిది. రెండు నెలల అడ్వాన్సు 37,000 తిరిగొస్తుంది, కానీ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో ఎంత కోస్తారో అగ్రిమెంటులో చూడండి. బెంగళూరు వెళ్లేవాళ్లకి అడ్వాన్సు ఇంకా ఎక్కువ, ఆ డబ్బు అప్పు తెచ్చేదైతే వడ్డీ నెల పద్దులో వెయ్యండి.

51,500ని 3,350తో భాగించాం. పదిహేను నెలలు దాటింది. అంటే ఏడాదింబావు పాటు మావాడు అక్కడ పనిచేసి, భీమవరంలోనే ఉండుంటే ఎంతుండేదో అంత దగ్గరికి వస్తాడు. ఈ అంకె చూశాక వాడు కాసేపు మాట్లాడలేదు.

డబ్బులోకి మార్చలేనివి

వీటికి ధర కట్టొద్దు, పక్కన రాసుకోండి. భీమవరంలో వాడికి వారానికి ఆరు రోజుల పని. రోజుకి తొమ్మిది గంటలు, దారి అరగంట, నెలకి 26 రోజులు: 247 గంటలు. హైదరాబాద్‌లో ఐదు రోజులు, తొమ్మిది గంటలు, దారి రెండున్నర గంటలు, 22 రోజులు: 253 గంటలు. ట్రాఫిక్‌లో జీవితం అయిపోతుందని నేననుకున్నాను. లెక్క చూస్తే దాదాపు సమానం, పైగా శనివారం పిల్లాడితో ఉంటాడు. నా అభిప్రాయం మార్చుకున్నాను.

కోడలు పిల్ల బీకాం చదివి ఇంట్లో ఉంది. భీమవరంలో దొరికిన ఉద్యోగాలు పది వేలకి మించలేదు. అక్కడ ఇరవై దాటి వస్తాయి. పిల్లాణ్ణి చూసుకునే చోటికి ఏడెనిమిది వేలు పోయినా పది పన్నెండు మిగులుతుంది. బస్సు ఖర్చుండదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ సర్వీసుల్లో ఉచితమే. ఈ ఒక్క ఉద్యోగం మొత్తం లెక్కని తిప్పేస్తుంది. కాకపోతే అది దొరికేదాకా పద్దులో వెయ్యకూడదు.

ఇంకొకటి, మూడేళ్ల తర్వాత ఇక్కడ జీతమెంత, అక్కడెంత అన్నది. ఇక్కడ వాడి పైవాడు పదేళ్లుగా అదే కుర్చీలో ఉన్నాడు. అది మిగులు అంకెలో కనిపించదు.

అంకెతో వెళ్లి అడగండి

మావాడు 62,150 అన్న కాగితం జేబులో పెట్టుకుని హెచ్ఆర్ వాళ్లతో మాట్లాడాడు. "జీతం పెంచండి" అని కాదు, "ఏడాది చివర ఇచ్చే 96 వేలలో సగం నెల జీతంలో కలపండి, సామాను వ్యాను ఖర్చు మీరు పెట్టుకోండి" అన్నాడు. రెండూ ఒప్పుకున్నారు. చేతికొచ్చేది 69,500 అయింది, మిగులు 10,400. తిరిగిరాని ఖర్చు 33,500కి తగ్గింది, ఇక్కడికంటే నెలకి 7,350 ఎక్కువ మిగులుతుంది కాబట్టి ఐదు నెలల్లో తీరుతుంది. ఏప్రిల్లో వెళ్లారు.

మే ఐదున మొదటి నెల పద్దు ఫోటో తీసి పంపింది కోడలు పిల్ల. కిరాణా, కూరలు, పాలు కలిపి 12,200 అనుకున్నాం, 13,850 అయింది. ఎక్కడ పెరిగిందో వరసవరసగా చూశాం. పాలు 600 ఎక్కువ. ఇక్కడ పక్కింటి గేదెపాలు చిక్కగా ఉండి లీటరు సరిపోయేది, అక్కడ ప్యాకెట్టు లీటరున్నర పోస్తున్నారు. మిగతా 1,050 ఆదివారాలు యాప్‌లో తెప్పించిన బిర్యానీలు, నాలుగు వారాలు. కరెంటు 350 తగ్గింది. బియ్యం వరసలో 1,750 బదులు సున్నా ఉంది, మా తమ్ముడు ఊరుకోలేక బస్సులో ఒక బస్తా వేసేశాడట. జూన్ పద్దులో పాలని కొత్త అంకెతో రాసుకోమన్నాను, బిర్యానీకి విడిగా ఒక వరస గీసుకోమన్నాను, బియ్యం దగ్గర మాత్రం 1,750 అలాగే ఉంచమన్నాను.